ట్రెగియర్ చెప్పాడంటే

ఆంబ్రోస్ ట్రెగియర్ పుట్టింది టారింగల్ గనుల పక్కన, ఒక చిరుగుల గుడారంలో. తండ్రి కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి బంగారం కోసం మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా సీమకి వచ్చిన గనిమనిషి. ఆయనకి దొరికింది రాతిధూళి. అది గుండెల్లో పేరుకుని, నలభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. తల్లి గనివాళ్ళ బట్టలుతికింది. మాంసమూ బంగాళదుంపలూ కూరిన పేస్టీలు కాల్చి గని మొగదాకా మోసుకెళ్ళి అమ్మింది. "నువ్వు మాత్రం నేల కిందికి దిగొద్దురా" అని కొడుకుని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క లాయరు దగ్గర గుమాస్తాగా పెట్టింది. నేల కింద బతుకెలా ఉంటుందో ఆమెకి తెలుసు. నేల మీది బతుకు అంతకన్నా మెరుగనుకుంది, పాపం.

కుర్రాడు చట్టమూ నేర్చుకున్నాడు, ఫుట్‌బాలూ నేర్చుకున్నాడు. మా ఊరు మెచ్చింది రెండోదాన్నే.

ఆ రోజుల్లో మా ఆట ఇప్పటిలా ముగ్గులు గీసిన మైదానంలో ఆడేది కాదు. గొర్రెల బీడులో, జామాయిల్ చెట్ల మధ్య, అటు ఇరవైమంది, ఇటు ఇరవైమంది. కోడిగుడ్డు ఆకారపు తోలుబంతి. తన్నొచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు, అడ్డమొచ్చినవాణ్ణి గుద్దొచ్చు. ఎవరైనా తన్నిన బంతిని ఎగిరి గాల్లోనే పట్టుకుంటే అది మార్కు. మార్కు పట్టినవాడి కాళ్ళు నేలకి ఆనాయంటే ఇక వాడి ఒంటిమీద చెయ్యి పడకూడదు. తాపీగా నిలబడి గోలుకి తన్నుకుంటాడు. అంతకుముందు, గాల్లో ఉండగా, మోకాలు తగిలినా మోచెయ్యి తగిలినా అడిగే నాథుడు లేడు. గాలికీ నేలకీ మధ్య ఉన్న ఆ జానెడు తేడాయే మా ఆటలో ధర్మం.

అంపైరు ఒకడుండేవాడు గానీ, అతను ఆ చివర ఉంటే తగువు ఈ చివర పుట్టేది. అందుకని ఒక ఆచారం పెట్టుకున్నాం. తగువొస్తే అవతలి జట్టు కెప్టెన్ని అడగాలి. "కెప్టెన్, నువ్వేం చూశావు?" అంటే అతను చూసింది చెప్పాలి. చెప్పాక ఇక రెండో మాట లేదు. చాలామంది కెప్టెన్లు ఆ సమయానికి "ఎండ కళ్ళలో పడింది" అని నీళ్ళు నమిలేవాళ్ళు. జూలై అంటే మాకు నడి చలికాలం. టారింగల్‌లో అప్పుడు ఎండెక్కడిది, నా మొహం.

ట్రెగియర్ నీళ్ళు నమిలేవాడు కాదు. కెప్టెన్ అయిన తొలి ఏడు, పొరుగూరు స్టోనీ ఫ్లాట్ మీద ఆఖరి గోలు మనదేనని జనం టోపీలు ఎగరేస్తుంటే వాళ్ళు వచ్చి అడిగారు. "బంతి కంబాలు దాటకముందు మావాడి చేతికి తగిలింది. చెయ్యి తగిలితే గోలు కాదు" అన్నాడు. గెలిచిన ఆట పోయింది. ఇంటికెళ్తుంటే సొంత ఊరివాళ్ళే వీపు మీద మట్టిగడ్డలు విసిరారు. అయితే వారం తిరగకుండా స్టోనీ ఫ్లాట్ రైతులు తమ పొలం తగాదాలు మోసుకుని అతని గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు. లాయరుగా అతని బల్ల మీద మొదటి దీపం పెట్టింది ఆ పోయిన గోలే.

ఆ తర్వాత "ట్రెగియర్ చెప్పాడంటే అంతే" అనేది ఊళ్ళో సామెతైపోయింది. ముసలి గొర్రెను కోసినవాడు కూడా, "లేత మాంసమేనమ్మా, కావాలంటే ట్రెగియర్ని అడుగు" అనేవాడు.

అతని ప్రాణస్నేహితుడు కోర్నీ డెవిన్. ఐర్లండు వాళ్ళ పిల్లాడు. ఇద్దరూ ఒకే గుడారాల వరసలో పెరిగారు. ఒకడు గనిలోకి దిగి, ఇంకొకడు కోటు తొడుక్కున్నాక కూడా శనివారం మధ్యాహ్నం ఒకే బురదలో దొర్లేవారు. కోర్నీ ఎద్దులాంటి మనిషి. కెప్టెన్ ఎటు చూపిస్తే అటు పోతాడు, ఎందుకని అడగడు.

అలా ఉండగా ఒక ఏడు స్టోనీ ఫ్లాట్‌కి ఒక కొత్త కుర్రాడొచ్చాడు. పేరు టార్కిల్ మక్‌ఫీ. పాడిపశువులు పెట్టుకున్న స్కాట్లండు దంపతుల ఒక్కగానొక్క కొడుకు. ఎగిరాడంటే పక్కవాడి భుజం ఎక్కినట్టే ఉండేది. మా వాళ్ళ మీద ఆట సగం కాకముందే అతను ఒక గోలు కొట్టాడు. నడుమ విరామంలో ట్రెగియర్ బూటు తాడు బిగించుకుంటూ కోర్నీతో అన్నాడు:

"ఆ మక్‌ఫీ గాణ్ణి ఎలాగైనా ఆపరా."

"ఎలాగైనానా?"

"ఎలాగైనా." నవ్వుతూనే అన్నాడు. ప్రతి కెప్టెనూ అనే మాటే అది.

తర్వాత జరిగింది ట్రెగియర్ దగ్గర్నుంచే చూశాడు. బంతి పైకి లేచింది. టార్కిల్ లేచాడు, పట్టాడు, దిగాడు. రెండు కాళ్ళూ బురదలో దిగబడ్డాయి. బంతిని పొట్టకి హత్తుకుని గోలు కంబాల వంక చూశాడు. అప్పుడు, ఒక గుక్క తిప్పుకునేంత ఆలస్యంగా, కోర్నీ మోకాలు వచ్చి అతని కడుపులో దిగింది.

కుర్రాడు కూలబడ్డాడు. లేచి "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు. బంతి తన్నాడు కూడా, గోలు తప్పింది. ఆట అయ్యాక అందరితో చేతులు కలిపాడు. తండ్రి బండిలో ఇంటికెళ్ళి, నొప్పితో మెలికలు తిరిగి, ఆదివారం తెల్లవారాక తల్లి ఒళ్ళో ప్రాణం వదిలాడు.

పోలీసు సార్జెంటు వచ్చి కోర్నీని తీసుకెళ్ళాడు. ట్రెగియర్ ఆ పూటే వెళ్ళి "ఇతని తరఫు లాయర్ని నేనే" అన్నాడు. ఊరంతా ఆహా అనుకుంది, స్నేహమంటే అదీ అని. స్నేహమూ ఉంది, కాదనను. కానీ లాయరుగా నిలబడినవాణ్ణి సాక్షిగా బోనెక్కించరు. ఆ సంగతి ఊరికి తెలియదు, అతనికి తెలుసు.

మాకు చావు విచారణ జరిగేది సారా కొట్టులోనే. చల్లగా ఉంటుందని శవాన్ని పీపాల గదిలో పడుకోబెట్టేవారు. భోజనాల గదిలో జ్యూరీ కూర్చునేది. అనుమానపు చావుల్ని విచారించే అధికారిని కరోనర్ అనేవాళ్ళం. ఆయన బల్ల చివర కూర్చున్నాడు. తేల్చాల్సింది ఒక్కటే. దెబ్బ తగిలినప్పుడు కుర్రాడు గాల్లో ఉన్నాడా, నేల మీద ఉన్నాడా. గాల్లో ఐతే ఆటలో ప్రమాదం. నేల మీదైతే మనిషి ప్రాణం తీసినట్టు, కోర్నీకి కఠినశిక్ష.

అంపైరు ఎప్పటిలాగే ఆ చివర ఉన్నాడు, చూడలేదు. ఆడినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచారు. అందరిదీ ఒకటే పాట.

"నేను బంతినే చూస్తున్నానండి."

స్టోనీ ఫ్లాట్ కుర్రాళ్ళు కూడా తల వంచుకుని అదే అన్నారు. బీడులో జరిగింది బీడులోనే వదలాలన్నది మా కట్టు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ప్రతివాడికీ భయమే. రేపు తన మోకాలూ ఎవరికో తగలొచ్చు. అందరూ బంతినే చూశారట. బంతి చేతిలో పట్టుకుని నిలబడ్డ పిల్లాణ్ణి మాత్రం ఒక్కడూ చూడలేదట.

అప్పుడు తల్లి లేచింది. పేరు ఇష్బెల్. నల్లశాలువా కప్పుకున్న సన్నటి మనిషి.

"మా వాడి కాళ్ళు నేలమీదే ఉన్నాయయ్యా. నేను కంచె దగ్గర్నుంచి చూశాను. దిగాడు, నిలబడ్డాడు, ఆ తర్వాత కొట్టాడు ఆ మనిషి."

కరోనర్ మెత్తగానే అడిగాడు. "కంచె చాలా దూరం కదమ్మా. మధ్యలో చెట్లున్నాయి. మీరేమో తల్లి."

"తల్లినైతే కళ్ళు పోతాయా?"

ఆమె భర్త డూగల్డ్ మక్‌ఫీ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ క్షణంలో ఆయన పైపు వెలిగించుకుంటూ తల వంచుకున్నాడట, ఏమీ చూడలేదు. అదే ఆయన్ని తినేస్తోంది. ఉన్నట్టుండి టోపీ తీసి ట్రెగియర్ వైపు తిరిగాడు.

"లాయరుగా కాదు బాబూ. మాది అవతలి జట్టు. నిన్ను కెప్టెన్‌గా అడుగుతున్నాను. నువ్వేం చూశావు?"

ఇది పద్ధతి కాదని కరోనర్ అనబోయి ఊరుకున్నాడు. ఆయనా శనివారాలు బీడుకొచ్చే మనిషే. గదిలో అందరి మొహాలూ తేలికపడ్డాయి. ఇంతసేపూ ఈ సంగతి ఎవరికీ తట్టనే లేదే అన్నట్టు చూశారు.

ట్రెగియర్ పక్కన కోర్నీ కూర్చుని ఉన్నాడు. పెద్ద పెద్ద చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇంటి దగ్గర అతని భార్య కడుపుతో ఉంది. 'ఎలాగైనా' అన్న నోరు ఎవరిది? తను నిజం చెబితే కోర్నీ ఒక్కడే జైలుకెళ్తాడు. తనని ఎవరూ ఏమీ అనరు. అదే అతనికి మింగుడుపడలేదు. అది నిజాయితీ గల బాధే. కానీ దాని పక్కనే ఇంకో భయం కూర్చుని ఉంది. ఆ మాట కోర్నీ బయటపెడితే?

"ఇద్దరూ గాల్లోనే ఉన్నారు" అన్నాడు ట్రెగియర్.

అంతే. జ్యూరీ లేచి పక్కగదిలోకి కూడా వెళ్ళలేదు. ప్రమాదం అని తేల్చారు. డూగల్డ్ వచ్చి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "నా బిడ్డ ఆటలోనే పోయాడు. అది చాలు బాబూ" అన్నాడు.

"అబద్ధం" అంది ఇష్బెల్. గొంతు పెంచలేదు.

"ఊరుకోవే. ట్రెగియర్ చెప్పాడు" అన్నాడు భర్త.

ఇంటికెళ్ళాక ట్రెగియర్ లాయరు బుద్ధితో తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. తను బైబిలు మీద చెయ్యి వెయ్యలేదు. ప్రమాణం చెయ్యని మాట చట్టం ముందు గాలిమాట. అది అబద్ధపు సాక్ష్యం కిందికి రాదు. వాదన బ్రహ్మాండంగా ఉంది. తప్పల్లా ఏమిటంటే, కెప్టెన్ మాటకి బైబిలు ఎప్పుడూ అక్కర్లేకపోయింది. ఆ రాత్రే కాదు, ఆ వాదన అతనికి ఏ రాత్రీ నిద్ర పట్టించలేదు.

మళ్ళీ బీడులోకి దిగలేదు. మోకాలు నొప్పన్నాడు. వకాల్తాలు మాత్రం వద్దన్నా వచ్చిపడ్డాయి. చుట్టుపక్కల ఏ తగువొచ్చినా అతని మాటే వేదం. పట్టణ సంఘంలో కుర్చీ ఇచ్చారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు. ఇతను గెలిచి, ఏడవడానికి ఇంట్లో మనిషి కూడా లేకుండా ఒంటరిగా ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే ఆమెకి చెప్పాల్సి వస్తుందని.

కొన్నేళ్ళకి, ఒక సాయంత్రం కోర్నీతో టీ తాగుతుంటే ఇక పట్టలేక అన్నాడు.

"ఒరే, ఆ రోజు వాడు నేలమీదే ఉన్నాడు కదరా."

కోర్నీ కప్పు దించి అతని మొహంలోకి చూశాడు. దాపరికం ఏమీ లేదు ఆ చూపులో.

"అదేంట్రా, గాల్లో ఉన్నాడుగా. నాకూ మొదట్లో అనుమానంగానే ఉండేది. నువ్వు చెప్పాక సరిగ్గా గుర్తుచేసుకున్నా. ఇద్దరం గాల్లోనే ఉన్నాం. లేకపోతే నేను అన్నం తినగలిగేవాణ్ణా?"

నేరం చేసినవాడే మర్చిపోయాడు. ఇక ఆ నిజం లోకంలో ఇద్దరి దగ్గరే మిగిలింది. ఒకడు తను. రెండోది ఇష్బెల్.

ఆమె ప్రతి శనివారం బీడుకొచ్చేది. కంచె దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని, "వాడు నేలమీదే ఉన్నాడు, నేను చూశాను" అని చెప్పేది. మొదట్లో జాలిపడ్డారు. తర్వాత తప్పుకుని నడిచారు. ఆపైన తాగుబోతులు "అమ్మా, నేలమీదా గాల్లోనా?" అని ఎగతాళికి దిగారు. ఇంట్లో డూగల్డ్‌తో అదే పోరు. ఆయన చెడ్డవాడు కాదు. కొడుకు ధర్మంగా పోయాడన్న ఒక్క నమ్మకం మీద బతుకుతున్నవాడు, దాన్ని రోజూ భార్య తవ్వుతుంటే ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? ట్రెగియర్ ఆమె కంటపడకుండా శనివారాలు వెనక వీధిలో నడిచేవాడు. పట్టణ సంఘం పెద్దమనిషి, కోళ్ళదొడ్ల పక్కనుంచి, పిల్లిలాగా.

ఏళ్ళు గడిచాక, చివరికి ఒక శనివారం ఆమె ఆట మధ్యలో కంచె దాటి లోపలికెళ్ళింది. కొడుకు దెబ్బ తిన్నచోట నిలబడింది. జరగమంటే జరగలేదు. లాగబోయిన కుర్రాడి చేతిని నెత్తురొచ్చేలా కొరికింది. సార్జెంటు వచ్చాడు. ఇద్దరు డాక్టర్లు చూసి మతి చలించిందన్నారు. ఇక మేజిస్ట్రేటు ఒప్పుకుంటే పిచ్చాసుపత్రికే.

డూగల్డ్ ఏడుస్తూ ట్రెగియర్ దగ్గరికొచ్చాడు. "నువ్వొచ్చి నా పక్కన నిలబడు బాబూ. నువ్వుంటే నాకు ధైర్యం. నేను చేస్తున్నది తప్పు కాదని తెలుస్తుంది."

ఆ మాటతో అతనిలో ఏదో తెగింది. పేరు పోతే పోనీ, కోర్నీ మొహం చూడలేకపోతే మానె. ఆ మనిషిని పిచ్చిదానిగా గొళ్ళెం వెనక్కి పంపి తను బతకలేడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, నల్లకోటు తొడుక్కుని కోర్టుకెళ్ళాడు.

మేజిస్ట్రేటు అడగకముందే లేచాడు. ఈసారి బైబిలు తెప్పించి దాని మీద చెయ్యి పెట్టాడు.

"ఈమెకి మతి చలించలేదు. ఈమె చెప్పేది నిజం. దెబ్బ తగిలేటప్పటికి టార్కిల్ మక్‌ఫీ రెండు కాళ్ళూ నేలమీదే ఉన్నాయి. నేను చూశాను. ఆ రోజు అబద్ధం చెప్పాను."

అతను రాళ్ళ కోసం ఎదురుచూశాడు. అరుపుల కోసం, సంకెళ్ళ కోసం ఎదురుచూశాడు. అవన్నీ తనకి రావాల్సినవేనని సిద్ధపడే వచ్చాడు.

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ట్రెగియర్, మీ మంచితనం మాకు కొత్త కాదు. ఒక అభాగ్యురాలి కోసం మీ పేరునే పణంగా పెడుతున్నారు. నేనిది రికార్డుకి ఎక్కించను."

"నేను జాలితో చెప్పడం లేదండి. ప్రమాణం చేసి చెబుతున్నాను."

వెనక బెంచీలోంచి కోర్నీ లేచాడు. జుట్టు నెరిసింది, వీపు వంగింది.

"వద్దురా. ఆ రోజు నిజం చెప్పి నన్ను నిలబెట్టావు. ఇవాళ ఆవిడ కోసం అబద్ధమాడి పాపం మూటగట్టుకోకు. అయ్యా, గాల్లోనే ఉన్నామండి ఇద్దరం. నాకు తెలీదా?"

"నేను చూశాన్రా" అన్నాడు ట్రెగియర్.

డాక్టరు తల ఆడించాడు. ఆమె భ్రమకి పెద్దవాళ్ళు ఇలా వంత పాడితే జబ్బు ముదురుతుందని, తొందరగా పంపడమే మంచిదని అన్నాడు. డూగల్డ్ వచ్చి ఆ రోజులాగే రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "నాకు తెలుసు బాబూ, నీది వెన్నలాంటి మనసు" అన్నాడు. మేజిస్ట్రేటు సంతకం పెట్టాడు.

ఆంబ్రోస్ ట్రెగియర్ ఆ తర్వాత చాలాకాలం బతికాడు. లాయరు పని వదిలేశాడు. చర్చిలో చెప్పాడు, సారా కొట్టులో చెప్పాడు, మెల్‌బోర్న్ పత్రికలవాళ్ళకి చెప్పాడు. చెప్పినచోటల్లా ఆయన గొప్పతనం గురించే మాట్లాడుకున్నారు. ఆఖర్న ముసలితనం వచ్చి మాట తడబడుతోందన్నారు. నిజాన్ని నమ్మించడానికి కావలసిన పరపతి మొత్తం ఒక అబద్ధం మీద ఖర్చుపెట్టేసుకున్న మనిషి ఇంకేం చేస్తాడు. శవం వెనక ఊరంతా నడిచింది. కోర్నీ శవపేటిక మోశాడు.

కానీ ఆ రోజు కోర్టు మెట్ల దగ్గర ఇంకొకటి జరిగింది. ఇష్బెల్‌ని బండెక్కించారు. ఆసుపత్రి ఆయా పక్కన కూర్చుంది. గుర్రాన్ని పూన్చుతుంటే ట్రెగియర్ గబగబా వచ్చి బండి పట్టె పట్టుకున్నాడు. టోపీ ఎక్కడో పడిపోయింది.

"అమ్మా, వాడు నేలమీదే ఉన్నాడమ్మా. నేను చూశాను."

ఆమె అతన్ని చూసింది. కోపం లేదు. పొరపాటున తలుపు తట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.

"నాకెందుకు చెబుతావు బాబూ? నేనూ చూశానుగా" అంది. "వాళ్ళకి చెప్పు."

"చెప్పానమ్మా. నమ్మడం లేదు."

"ఓహో" అంది ఇష్బెల్. కొంచెం పక్కకి జరిగింది, బండిలో ఇంకొకరికి చోటు చేస్తున్నట్టు. గుర్రం కదిలింది.